పాపికొండల యాత్ర: మనవారికొక మనవి

రాబోవు శీతకాలమున మన సంఘము పక్షమున గోదావరి పాపికొండలకు యాత్ర నడుపవలెనని క్రిందటి కార్యవర్గ సమావేశమున ఒక ప్రతిపాదన వచ్చినది. తెచ్చినవారు యువకులు. వారు చూపిన కారణము ఒక్కటే: "మునిగిపోకముందే చూచి రావలెను." ఈ మాట ఇప్పుడు చావడిలోను, అంగళ్ళలోను, పెండ్లి పందిళ్ళలోను తరచుగా వినబడుచున్నది. పెద్దలలో కొందరు దీనికి సమ్మతింపకున్నారు. వేయి కిలోమీటర్లకు మించిన దూరము పోయి కొండలు చూడవలెనా, రాజపాళయమునకు పడమట కొండలు లేవా, అయ్యనారు కోవెల వాగు లేదా, కుర్తాళము లేదా అని వారి ప్రశ్న. నేను యాత్రకు అనుకూలుడను. యువకులు చెప్పిన కారణమునకు మాత్రము అనుకూలుడను కాను.

మొట్టమొదట ఒక మాటను సరిదిద్దవలసియున్నది. పాపికొండలు మునిగిపోవుట లేదు. పోలవరము జలాశయమునకు పూర్తి మట్టము సముద్రతలమునకు 45.72 మీటర్లు, అనగా 150 అడుగులు. ఆ కొండలు దానికి ఎన్నో రెట్లు ఎత్తయినవి. జలాశయము నిండిన పిమ్మటను అవి నిలిచియే యుండును. వాని నడుమ నీరు ఇప్పటికంటె వెడల్పుగాను, నిశ్చలముగాను ఉండును. ఛాయాచిత్రములకు ఇంకను బాగుగ నుండునని చెప్పువారును కలరు, అది నిజమే కావచ్చును. మునుగునవి కొండల పాదములు. అనగా ఇసుక తిన్నెలు, రేవులు, గుడిసెలు, గుడిమెట్లు, పెరటి చెట్లు, శ్మశానములు. యాత్రికుని కంటికి కావలసిన దేదియు మునుగదు. అచ్చటి మనుష్యునికి కావలసిన దంతయు మునుగును. కాబట్టి "మునిగిపోకముందే" అనువారు ఏది మునుగుచున్నదో తెలిసికొని ఆ మాట వాడవలెను.

నూలు, పత్తి వర్తకము నిమిత్తము నేను గుంటూరు, ఏలూరు, రాజమహేంద్రవరము ప్రాంతములకు ఇరువది యేండ్లుగా పోయి వచ్చుచున్నాను. పాపికొండలను రెండు మారులు చూచితిని. 2012 జనవరిలో ఒక మారు, 2024 ఫిబ్రవరిలో ఒక మారు. ఆ రెండు ప్రయాణముల నడుమ గడచినవి పండ్రెండేండ్లే.

మొదటి మారు పట్టిసీమ రేవున లాంచి యెక్కితిమి. నది నడుమ లంకపై వీరభద్రస్వామి ఆలయము. ఉదయపు మంచులో గోపుర శిఖరము మాత్రమే కనబడుచు, క్రింద ఏమియు లేనట్లుండెను. అచ్చట గోదావరి ఎంత వెడల్పనగా ఆవలి యొడ్డున మనుష్యులు చీమలవలె నుందురు. పోలవరము దాటి, గండి పోచమ్మ తల్లికి దూరమునుండియే నమస్కరించి, దేవీపట్నము మీదుగా పైకి పోవుచుండగా కొండలు రెండు వైపులనుండి మెల్లగా దగ్గరకు వచ్చును. ఇంకొక మలుపు తిరుగగనే దారి మూసికొనిపోయినట్లు తోచును. అంత పెద్ద నది ఆ సందున ఎట్లు దూరుచున్నదో యని ఆశ్చర్యము కలుగును. వెడల్పు తగ్గినందున లోతు పెరుగును. నీటిరంగు ముదురాకు పచ్చ యగును. లాంచి యంత్రపు చప్పుడు కొండకు తగిలి మరల మన చెవిని పడును. తలవెండ్రుకలను చీల్చు పాపిట వలె నది కొండలను చీల్చుటచే పాపిడికొండలను పేరు వచ్చి, అది వాడుకలో పాపికొండలైనదని పెద్దలు చెప్పుదురు. ఆంగ్లేయులు బైసన్ హిల్స్ అనిరి. వారికి అడవిదున్న కనబడినది, మనవారికి పాపిట కనబడినది.

పేరంటాలపల్లిలో దిగితిమి. మెట్లెక్కి పోయిన శివాలయము, బాలానందస్వామివారి ఆశ్రమము, కొండమీదినుండి జారివచ్చు సెలయేటి నీరు, చెట్లక్రింద చలువ. మెట్ల ప్రక్కన కొండరెడ్ల స్త్రీలు వెదురును సన్నగా చీరి పూవులుగా అల్లి అమ్ముచుండిరి. మాతో వచ్చిన మా అత్తగారు బేరమాడబోయి, ఆ పూవు చేయు పనితనమును నిలువబడి చూచి, అడిగిన వెల యిచ్చి రెండు తీసికొనిరి. బేరమాడక ఆమె ఏదైనను కొనుట నేను అదియే మొదట చూచుట.

ఆ రోజున నా మనస్సును ఎక్కువగా ఆకర్షించినవి తోటలు. మన ఊరిలో తోట యనగా వేయబడినది, గట్టు గలది, కాపలా గలది. అచ్చట తోటకును అడవికిని నడుమ గీత కనబడదు. గుడిసె చుట్టు మామిడి, పనస, చింత, జీలుగు, కప్పుపై సొరపాదు, కొంచెము పైకి పోయిన వెదురు, ఆపైన మహారణ్యము. నదీతీరపు పల్లపు నేలలందు మిరప, పొగాకు, కూరగాయలు. వర్షకాలమున గోదావరి ఆ నేలలను ముంచును, ఆశ్వయుజ కార్తికములలో తీసిపోవును. పోవుచు ఒండ్రు విడిచిపోవును. ఆ ఒండ్రుమీదనే ఆ మిరప, ఆ పొగాకు. ఈ సంగతి యువకులు గుర్తింపవలెను. వరద వేరు, ముంపు వేరు. ఆ తోటలు వరదకు వెరచినవి కావు, వరదవలననే బ్రదికినవి. వచ్చిన నీరు తిరిగి పోయినంత కాలము అది నది; పోకున్న నాడు జలాశయము.

రెండవ మారు పోయినపుడు పట్టిసీమ నుండి దారి లేదు. 2021 జూన్ నెలలో గోదావరి ప్రవాహమును 48 తలుపులు గల క్రొత్త స్పిల్‌వే మీదుగా మళ్ళించిరి. నదికి అడ్డముగా మట్టికట్ట లేచినది. కావున లాంచీలు ఎగువన గండి పోచమ్మ కోవెల వద్దనుండి బయలుదేరుచున్నవి. ఆ తల్లి ఆలయమే ప్రతియేటి వరదలోను నీట మునుగుచున్నది. దేవీపట్నము కనబడెను. కప్పులు లేని గోడలు; ద్వారబంధములు ఊడదీసికొనిపోగా మిగిలిన రంధ్రములు; గోడలపై ఏ సంవత్సరపు నీరు ఎంత ఎత్తు వచ్చెనో తెలుపు బురద చారలు. ఒడ్డున చెట్లు కొన్ని నిలువుగనే చచ్చి బూడిదరంగున నిలిచియుండెను. ఇసుక తిన్నెలు చాలవరకు లేవు. కాని సందులోనికి ప్రవేశించినంతనే కొండలు, మంచు, ముదురాకుపచ్చ నీరు, అన్నియు యథాప్రకారము. లాంచిలో యువజనులు పాటలు పెట్టుకొని నృత్యములు చేయుచుండిరి. వారిని నేను నిందింపను. ఆనందించుటకు వచ్చినవారు ఆనందించిరి. లాంచి నడుపువారిలో ఒక పెద్దవాడు మాత్రము నేను తెలుగున పలుకరింపగా చేయి చాచి, "అదిగోనండి, ఆ చింతచెట్టు పక్కనే మా ఇల్లండి. చెట్టు మా తాత నాటిందండి" అనెను. ఇప్పుడు పునరావాస కాలనీలో నుండి ప్రతిదినము మోటారు సైకిలుపై వచ్చి, తన ఊరిమీదుగా ఊరివారు కానివారిని త్రిప్పి చూపుచున్నాడు. జీతము సకాలమున వచ్చుచున్నదా యని నా వర్తకబుద్ధితో అడిగితిని. వచ్చుచున్నదనెను. వర్షకాలమున లాంచీలు నిలిచిపోవును గనుక నాలుగు నెలలు అదియు లేదట.

ఈ ఆనకట్ట తలంపు నేటిది కాదు. 1940 తరువాతి దశకములో మదరాసు ప్రభుత్వపు ఇంజనీర్లు ఇచ్చటనే రామపాదసాగరమను పేర ఒక మహాజలాశయమును యోచించిరి. నీరు భద్రాద్రి రాముని పాదములు తాకునని ఆ పేరు పెట్టిరి. అంచనా 129 కోట్ల రూపాయలు. ఆ కాలపు రూపాయలని మరువరాదు. వ్యయభారమువలన అది కాగితములపైననే నిలిచినది. మన రాజపాళయము బిడ్డ పి.యస్. కుమారస్వామిరాజాగారు 1949 నుండి 1952 వరకు మదరాసు రాష్ట్రమును పాలించిన దినములలో ఈ పాపికొండల తూర్పు గోదావరి జిల్లాయు ఆ రాష్ట్రములోనిదే. అనగా ఆ కొండలును మన ఊరును ఒకప్పుడు ఒకే సెక్రెటేరియటు క్రింద నుండినవి. దూరపు కొండలని చెప్పు పెద్దలకు ఈ సంగతి మనవి చేయుచున్నాను.

అటుపిమ్మట 2004-05 నుండి పోలవరము పనులు సాగినవి. 2014లో అది జాతీయ ప్రాజెక్టు అయినది. 194 టి.యం.సి.లకు పైబడిన నీరు నిలుచును. 370కి పైగా ఆవాసములు, లక్షకు పైగా కుటుంబములు కదలవలెనని ప్రభుత్వపు లెక్క. తొలిదశలో 41.15 మీటర్ల వరకు నింపుటకు 20,946 కుటుంబములని మొదట లెక్కించిరి. కొలతలు తిరిగి తీయగా మరికొన్ని గ్రామములు ఆ జాబితాలో చేరినవి. 2027లో పని ముగింపవలెనని ప్రభుత్వము లక్ష్యము ప్రకటించినది.

నేను ఆనకట్టలకు విరోధిని కాను. వానకొరకు కొండవైపు చూచి బ్రదుకు ఊరివాడను. కాటన్‌దొర ధవళేశ్వరమున 1852లో ఆనకట్ట ముగింపకున్న యెడల గోదావరి మండలమున నేటి యన్నము లేదని ఎరుగుదును. నీరు కావలెను, దిగువ డెల్టాకును, విశాఖపట్టణపు మెట్ట నేలలకును కావలెను. కాని ఒకరికి వచ్చిన నీటికి మరొకరు చెల్లించిన వెల ఎంతో లెక్క చూడకుండుట వర్తకధర్మము కాదు. చిట్టాలో జమ వ్రాసి ఖర్చు వ్రాయనివానిని మన అంగడివీధిలో ఏమందురో నేను చెప్పనక్కరలేదు.

ముంపు తరువాత ఏమగునో చూడగోరువారు గోదావరి వరకు పోనక్కరలేదు. కంబము దారిన తేక్కడికి పోవుడు. మనలో తేక్కడి చూడని కుటుంబము లేదు. 1886లో తిరువాన్కూరు మహారాజుతో 999 సంవత్సరముల కౌలు వ్రాయించుకొని, పెన్నీకుక్ దొర 1895లో పెరియారు ఆనకట్టను ముగించెను. పడమటికి పోవు నీరు కొండను తొలిచిన సొరంగముగుండ తూర్పునకు వచ్చి మదుర సీమను పండించినది. (మన ఊరికి ఆ నీరు రాలేదు. అది వేరు కథ.) ఆనకట్ట వెనుక మునిగిన అడవి చెట్ల మోళ్ళు నూట ముప్పది యేండ్లు గడచినను నేటికిని నల్లగా నీటనుండి పైకి నిలిచియున్నవి. పడవలో పోవు మనము ఆ మోళ్ళపై రెక్కలారబెట్టుకొను నీటికాకులను చూచి పిల్లలకు చూపుచున్నాము. ఒడ్డున ఏనుగులు వచ్చిన అదృష్టమనుకొనుచున్నాము. అది సరస్సు కాదు, మునిగిన లోయయని ఎందరికి తోచుచున్నది? ఆ అడవుల మనుష్యులైన మన్నానులును పళియరులును నేడు కుమిళి అంచున కాలనీలలో నున్నారు. వారిలో కొందరు యాత్రికులకు దారి చూపి జీవించుచున్నారు. పాపికొండలు ఇంకొక నూరేండ్లకు తేక్కడి యగును. అందము తగ్గదు. అడుగువాడు ఉండడు.

పాపికొండల ఒడ్డున నుండువారెవరు? కొండరెడ్లు, కోయలు, కొన్ని రేవులలో పల్లెకారులును ఇతరులును. కోయలకు తమ భాష కలదు. కొండరెడ్ల మాతృభాష తెలుగు. ఫ్యూరర్ హైమండార్ఫ్ అను పండితుడు వీరి నడుమ నివసించి 1945లో 'ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అను గ్రంథమును ప్రకటించెను. పోడు వ్యవసాయము, వెదురు, జీలుగుకల్లు, మామిడి టెంక, ఇవి వీరి జీవనాధారములు. మామిడి టెంకలోని జీడిని ఎండబెట్టి, దంచి, చేదు పోవువరకు నీటిలో నానవైచి, ఆ పిండితో అంబలి కాచుకొందురు. సప్పట్టై, పంచవర్ణము పండ్లు తిని టెంకలను వీధిలో విసరు మనకు ఇది వింతగా తోచవచ్చును. వారికి చెట్టు వేసవిలో పండు, వానకాలమున అన్నము. ముంపు పరిహారమున ఆ చెట్టును ఒక సంఖ్యగా వ్రాసి వెల కట్టుదురు. మన తోటలవారిని అడుగుడు. మామిడి నాటిన ఎన్నేండ్లకు కాపునకు వచ్చును, ఎన్నేండ్లకు తాతచెట్టగును? ఆ వెలతో క్రొత్త కాలనీలో మొక్క కొనవచ్చును, కాలమును కొనలేము.

పాపికొండలు చూచి దిగివచ్చువారు సాధారణముగా కడియపులంక నర్సరీలకును పోవుదురు. మన యాత్రలోను అది యుండవలెను. చూడదగిన స్థలము, గులాబీలు, క్రోటనులు, అంటుమామిళ్ళు కంటికి పండుగ. కడియములో చెట్టు సంచిలో నుండును. లారీయెక్కి దేశములో ఏ మూలకైనను పోవును. రెండు దినముల తేడాతో ఆ చెట్లను, ఈ చెట్లను చూచినవానికి నేను పైన చెప్పినది బోధపడును.

ఇక మన సంఘమునకు దీనితో నేమి పనియని ఎవరైన అడుగవచ్చును. ఉన్నది. 2013 నాటి భూసేకరణ పునరావాస చట్టమున 41వ విభాగము ఒకటి కలదు. ముంపునకు గురియగు షెడ్యూల్డు తెగలవారిని సాధ్యమైనంతవరకు అదే షెడ్యూల్డు ప్రాంతమున, ఒక్క చోట గుంపుగా నివసింపజేయవలెననియు, అది వారి జాతి, భాష, సంస్కృతులు నిలుచుటకొరకనియు అందు చెప్పబడినది. భాష యను మాట ఆ చట్టములోనే యున్నది. భాషకొరకు సంఘము పెట్టుకొనిన మనము ఆ మాటకు విలువ నీయకున్న మరెవ్వరు ఇత్తురు?

మన పూర్వులు విజయనగర కాలమున ఇచ్చటికి వచ్చిరి. నేటికిని మన యిండ్లలో తెలుగు మిగిలియున్నదనిన దానికి కారణము మన గొప్పతనము కాదు. గుంపుగా వచ్చితిమి, గుంపుగా కోటలు కట్టుకొని వాడలుగా నిలిచితిమి, గుడియు చావడియు నడుమ పెట్టుకొంటిమి, పెండ్లిండ్లు మనలో మనము చేసికొంటిమి. ఒంటరిగా తలా ఒక ఊరికి చెదరిపోయి యుండిన యెడల రెండవ తరమున అమ్మ యను మాట తప్ప మరేమియు మిగిలెడిది కాదు. అంతచేసియు, 2006 నాటి తమిళ అధ్యయన చట్టము తరువాత పాఠశాలలో తెలుగు అక్షరము మన పిల్లలకు ఎంత దూరమైనదో పాఠకులెరుగుదురు. నలువది కుటుంబముల కొండరెడ్ల గూడెమును మూడు కాలనీలకు పంచిన యెడల వారి తెలుగునకు పట్టు గతి అంతకంటె వేగముగా పట్టును. వారి తెలుగులో చెట్టునకు, చేపకు, వెదురు చీలికకు, వాన జాతికి ఉన్న మాటలు మన నిఘంటువులలో ఎన్ని యున్నవి? ఆ చెట్టు కంటి ముందు లేనపుడు ఆ మాట మనుమనికి ఎట్లు వచ్చును?

మరియొక సంగతి. అల్లూరి సీతారామరాజుగారి పటము పెట్టుకొనిన యిండ్లు మనలో అనేకము. వారి జయంతినాడు మన వీధులలో దండలు వేయుచున్నాము. వారు 1922 నుండి 1924 వరకు పోరాడిన మన్యము ఈ గోదావరికి ఉత్తరపు కొండలే. అడవి చట్టములు పోడును, అడవి దారిని అడ్డగింపగా ఆ కొండజనము పక్షమున వారు నిలిచిరి. పటమునకు దండ వేసి, ఆ జనము సంతతివారి యింటిమీదుగా లాంచిలో పాటలు పెట్టుకొని పోవుట మనకు తగునా యని యోచింపవలెను.

అట్లని యాత్ర మానవలెనని నా యభిప్రాయము కాదు. అందమును చూచి ఆనందించుట తప్పు కాదు. పైగా మన పిల్లలు గోదావరిని పటములోను చలనచిత్రములలోను తప్ప ఎరుగరు. బాపుగారి 'అందాల రాముడు' 1973లో వచ్చినది. రాజమహేంద్రవరమునుండి భద్రాచలమునకు పడవ ప్రయాణపు కథ. ఆ చిత్రమున చూచిన ఒడ్డులను వెదకికొని పోవువారు ఇప్పుడే పోవలెను, ఒడ్డులు కదలుచున్నవి.

కాని పోవు విధానము మారవలెను. నా సూచనలు పెద్దలు పరిశీలింతురుగాక. ప్రయాణము డిసెంబరు, జనవరి నెలలలోనే యుండవలెను. జూలై మొదలు అక్టోబరు వరకు గోదావరి తీరుబడి నెలలు కావు. భద్రాచలమున 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినది. మూడవ ప్రమాద సూచిక 53 అడుగులని తెలిసినచో ఆ సంఖ్యల అర్థము తెలియును. 2022లో కూనవరము, వరరామచంద్రపురము మండలముల జనులు ఎన్నో దినములు కొండలపైన, గుట్టలపైన తల దాచుకొనిరి. క్రొత్త కట్ట వెనుక నీరు నిలిచినందుననే ముంపు హెచ్చినదని వారి ఫిర్యాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన వరద తీయకముందే బయలుదేరిన రాయల్ వశిష్ఠ యను లాంచి కచ్చులూరు వద్ద మునిగెను. అందు 77 మంది. బ్రదికినవారు 26 మంది మాత్రమే. వారిని నీటినుండి లాగినవారు ఒడ్డున నున్న తూటుగుంట గ్రామస్థులు, తమ చిన్న పడవలలో. ముంపు జాబితాలో నున్న ఒడ్డుమీది మనుష్యులే ఆనాడు యాత్రికులను కాచిరి. ఒడ్డు ఖాళీయైన తరువాత అట్టి దినము వచ్చిన కాచువారెవరు? తేక్కడిలోను 2009 సెప్టెంబరు 30న జలకన్యక యను పడవ తిరుగబడి 45 మంది మరణించిరి. కావున ప్రాణరక్షణ కవచము తొడుగని వానిని, అతడెంత పెద్దమనిషియైనను, మన యాత్రలో లాంచి ఎక్కనీయరాదు. కొండవాన క్షణములో వాగగునని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయ్యనారు కోవెల వాగు పొంగి భక్తులు ఆవలి యొడ్డున చిక్కుకొనుట, అగ్నిమాపకదళమువారు త్రాళ్ళు కట్టి దాటించుట మనము చూచుచున్నదే.

యాత్రలో ఒక పూర్తి దినము గోకవరము వైపునగాని, జంగారెడ్డిగూడెము వైపునగాని యున్న పునరావాస కాలనీకి కేటాయింపవలెను. పాత బట్టలు మోసికొనిపోయి పంచి ఛాయాచిత్రములు తీయించుకొనుట వలదు. వారు బిచ్చగాండ్రు కారు. నేలగలవారు, నేల యిచ్చినవారు. వారి వెదురు సామాను న్యాయమైన వెలకు కొనుడు. మన వర్తకులు తలచిన యెడల ఆ బుట్టలకు, చేటలకు మదురలోను, మన ఊరి మిల్లులలోను నిలుకడయైన బేరము కుదుర్చవచ్చును. అది దానము కాదు, వ్యాపారము, రెండు వైపుల మర్యాద. చదువుకొనిన యువకులు ఇద్దరు ముగ్గురు పెద్దలవద్ద కూర్చుండి వారి మాటలను, చెట్ల పేర్లను, పాత ఊళ్ళ పేర్లను వ్రాసికొని వచ్చిన యెడల, వానిని ఈ పత్రికలో వారమునకు కొంచెముగా ప్రకటించుటకు స్థలము దొరకునని నమ్ముచున్నాను. ఇంకను కదలవలసిన గ్రామములను ముక్కలు చేయక ఒక్కచోట నిలుపవలెనని, పైన చెప్పిన 41వ విభాగమును చూపి, మన సంఘము పక్షమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు ఒక మహజరు పంపవలెను. తమిళనాటి చివరనున్న ఒక చిన్న తెలుగు సంఘము వ్రాసిన కాగితమును ఎవరు చదువుదురని కొందరు నవ్వవచ్చును. మనము మన పిల్లల తెలుగు కొరకు వ్రాసిన కాగితములను మాత్రము అందరును చదివిరా? అయినను వ్రాయుచునే యున్నాము.

పెద్దల ప్రశ్నకు మిగిలిన ప్రత్యుత్తరము ఒకటి. మనకు కొండలు లేవా యనిరి. ఉన్నవి. 2021లో ఆ కొండలు శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై పులుల అభయారణ్యమైనవి. శెంబగత్తోపు పళియరులు తేనె తెచ్చి అమ్ముచున్నారు. మనము ఆ తేనె కొనుచున్నాము. వారి పేర్లు మనలో ఎందరికి తెలియును? యాత్రకు రాలేని వృద్ధులు, ఆ ఐదారు దినములలో ఒక దినము అటువైపు పోయి వారితో మాటలాడి వచ్చిన నేను మిక్కిలి సంతసింతును. తిరిగి వచ్చిన తరువాత ఉభయులము చావడిలో కూర్చుండి చూచినది చెప్పుకొనవచ్చును.

యాత్ర ఖర్చుల వివరము తయారగుచున్నది. పొదిగై ఎక్స్‌ప్రెస్సులో చెన్నపట్టణము, అచ్చటనుండి రాజమహేంద్రవరము. పోను రాను ఏడు దినములు పట్టును. కాలనీలో గడపు దినము తీసివైచిన ఆరు దినములకు సరిపోవునని ఒక మిత్రుడు లెక్క చూపెను. ఆ దినమును తీసివేయు పక్షమున నా పేరును జాబితానుండి తీసివేయవలసినదిగా కార్యదర్శిగారికి ముందుగనే తెలియజేసితిని.